సూర్యారావు ఊయల స్టాండు: అసలు జరిగింది

నిన్న పొద్దున్న ఫోన్ తెరిస్తే, మా ఫరీదాబాద్ సొసైటీ గ్రూపులో ఒక మెసేజ్.

"ధడామ్ అంకుల్ నహీ రహే."

దాని కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు.

పక్క బ్లాకులో ఉండే నా స్నేహితుడు పోయాడని నాకు తెలిసింది ఇలా. మెసేజ్ మళ్లీ చదివాను.

ఆ తర్వాత కోపం వచ్చింది. మనిషి పోయిన రోజైనా పేరు పెట్టి పిలవరా?

ఆయన పేరు సూర్యారావు. విజయనగరం మనిషి. ఎయిర్‌ఫోర్స్‌లో విమానాలకు నట్లు బిగించి రిటైరయ్యాడు. ఆయన బిగించింది ఊడిందని ఎవరూ అనలేదు, రెండేళ్ల క్రితం ఆ ఊయల స్టాండు కూలేదాకా.

అందుకే ఇది రాస్తున్నాను.

చలికాలం ఎండలో, పార్కులో వల ఊయల వేసుకుని పడుకోవాలని ఆయన కోరిక. చెట్లకు తాళ్లు కట్టరాదని మా ప్రెసిడెంట్ నోటీసు అంటించాడు. ఆ చెట్లను తనే కన్నట్టు.

"చెట్టెందుకు మాస్టారూ, స్టాండే కట్టేద్దాం" అన్నాడు సూర్యారావు. ఇనప నీళ్ల పైపులు, మూలలకు ఎల్బోలు తెచ్చాడు.

నేను కాలేజీలో చరిత్ర చెప్పినవాడిని. పైపుల మీద కూడా ఒక పుస్తకం చదివాను. ఆయన ఏ పుస్తకమూ చదవలేదు. నా దగ్గర తీసుకున్నవాటిని కూలర్ కింద ఎత్తుకు పెట్టుకున్నాడు.

నాలుగు పక్కలా మూసుకునే చట్రంలో చివరి పైపు దగ్గర చిక్కు వస్తుంది. తిప్పితే ఒక కొన బిగుస్తుంది, రెండో కొన వదులవుతుంది.

"మధ్యలో యూనియన్ పెట్టాలండి. రెండు ముక్కల్నీ నట్టుతో కలుపుతాది. బజారుకెళ్లి తెచ్చేస్తాను."

"అక్కర్లేదయ్యా. పుస్తకంలో అలా లేదు."

"పుస్తకం ఊయల్లో పడుకోదు కదా మాస్టారూ."

నాకు ఒళ్లు మండింది.

ఆయన టీకి పైకి వెళ్లగానే, రెండు కొనల్నీ చెరో రెండు మరలు పట్టేట్టు ఇరికించి, పైన తెల్ల టేపు దట్టంగా చుట్టేశాను. దిగి రాగానే "బిగిసింది" అన్నాను.

ఆయన ప్రతి జాయింటూ చేత్తో పట్టి చూస్తాడు. అదొక్కటీ చూడలేదు. చెప్పింది నేను కదా.

ప్రారంభోత్సవానికి, ఎవరూ పిలవకుండానే, నోటీసు పెట్టిన ప్రెసిడెంటే వచ్చాడు.

"అరే వాహ్, రావ్ సాబ్! పహలే హమ్!"

ముందు తనేనంటూ చెప్పులతో సహా ఎక్కి పడుకున్నాడు. సెక్రటరీ ఊపాడు. మూడో ఊపుకు పైనున్న ఆ చివరి పైపు జారింది. స్తంభాలు రెండూ ఒకదానికొకటి నమస్కారం పెట్టుకున్నాయి. ప్రెసిడెంట్ సంతలో కట్టేసిన కోడిలా వలలో కొట్టుకున్నాడు.

దెబ్బ తగల్లేదు. అదొక్కటే లోటు.

సెక్రటరీ ముందు వీడియో తీసి, తర్వాత చెయ్యి అందించాడు.

"కిస్‌నే బనాయా యే?" ఇది కట్టిందెవరని వలలోంచే అరిచాడు ప్రెసిడెంట్.

నేను నా చెప్పుల వైపు చూశాను.

"మైనే. గల్తీ మేరీ హై" అని తప్పు తన మీద వేసుకున్నాడు సూర్యారావు.

ఆ రోజు నుంచి పిల్లలకూ పెద్దలకూ ఆయన ధడామ్ అంకుల్, అంటే దభేలున కూలిన అంకుల్. నేను నోరు మూసుకున్నాను. పైగా "యూనియన్ పెట్టాల్సిందయ్యా" అని రెండుసార్లు ఆయనకే సలహా ఇచ్చాను.

నిన్న శ్మశానం నుంచి వచ్చాక, ఆయన భార్య లక్ష్మిగారికి అంతా చెప్పేశాను.

"తెలుసు అన్నయ్యగారూ" అన్నారావిడ, కళ్లు తుడుచుకుంటూ. "టేపు విప్పిన రోజే చెప్పారు. మరెందుకు ఊరుకున్నారని నేనడిగితే, 'మాస్టారికి ఉన్నదల్లా తెలివైనోడన్న పేరొక్కటే. అదీ లాగేస్తే ఏటి మిగుల్తాది పాపం' అన్నారు."

అంటే ఇన్నాళ్లూ జాలిపడి నన్ను భరించాడన్నమాట. జవాబు చెప్పే వీలు లేకుండా వెళ్లిపోయాడు.

కాబట్టి అందరూ వినండి. ఊడిన జాయింటు నాది. సూర్యారావు బిగించినవి విడదీయలేక, కూలిన స్టాండు విప్పడానికి వచ్చిన ప్లంబరే రెంచి పట్టుకుని వెనక్కి వెళ్లాడు. ఇదే మాట హిందీలో రాసి సొసైటీ గ్రూపులోనూ పెట్టాను.

వెళ్లిరా సూర్యారావూ.

నీకు శాంతి కలగాలి. నాకు ఇప్పట్లో కలిగేలా లేదు.