జొన్న రొట్టె మీద చేతి తీరు

నాందేడ్‌లో మా ఇంటి ముందు గదిలో పిల్లలకు ఇంగ్లీషు ట్యూషన్ చెప్పే నా బిడ్డ పోయిన నెల కన్నుమూసింది. జ్వరమని దవాఖానకు తీసుకుపోయాం, మళ్లీ ఇంటికి తెచ్చుకోలేకపోయాం. నేను పెద్దగా చదువుకున్నదాన్ని కాదు. అయినా నా బిడ్డ గురించి నేనే రాయాలనిపించింది.

ఇంగ్లీషులో నాకు బాగా తెలిసిన మాట ఒక్కటే, జెంటిల్. తనే నేర్పింది. పొయ్యిలో సన్న సెగకు ఆ మాటే. మొలకలు ఒరగకుండా పడే వానకూ అదే. మాహూర్ గుట్ట మీది దేవి దగ్గరికి పోతే, గట్టు మెల్లగా లేచే చోట, "అమ్మా, గిది జెంటిల్, ఆయాసం రాదు" అని నా చెయ్యి పట్టుకునేది.

ఒకరోజు ఒక తండ్రి కూతురితో పాటు కట్టె కూడా తెచ్చాడు.

"రెండు దెబ్బలు పడకుంటే దీనికి సదువు రాదు మేడమ్."

"మంచి యాళ్లకు తెచ్చినవన్నా," అని నా బిడ్డ ఆ కట్టెను పెరట్లో వాలిపోయిన చిక్కుడు తీగ పక్కన పాతింది.

ఆ రోజు పాఠం జెంటిల్ అన్న మాటే. "జెంటిల్ అంటే భయపడేటోళ్లా మేడమ్?" అని కట్టె తెచ్చినాయన కూతురు అడిగింది. నా బిడ్డ పిల్లలందరినీ వంటింట్లోకి తోలుకొచ్చింది.

"అమ్మా, ఒక రొట్టె జేసి సూపెట్టు."

"నాతోని ఇంగ్లీషు జెప్పిస్తవా ఏంది?" అంటే పిల్లలు ఒకటే నవ్వు. వాళ్లకు నేను ఆజీని, మరాఠీలో అవ్వను.

నేను జొన్నపిండి ముద్దను తడుతుంటే చెప్పింది: "సూడుండ్రి, ఆజీ చేతుల బలం లేదా? మస్తుగ ఉన్నది. గట్టిగ కొడితే రొట్టె పలుగుతదని ఆపుకుంటున్నది. గదే జెంటిల్."

నా బిడ్డ పోయాక ఆ ట్యూషన్ గదికి తాళం వేశాను. రొట్టె చేయబుద్ధి కాలేదు. మొన్న సాయంత్రం ఆ కట్టె తెచ్చినాయన కూతురు తోటి పిల్లలను వెంటబెట్టుకొని వచ్చింది. "ఆజీ, ఒక్క రొట్టె." కాదనలేక పిండి పిసికాను. అలవాటు తప్పి దెబ్బ గట్టిగా పడింది, అంచు పలిగింది.

"జెంటిల్, ఆజీ," అంటూ ఆ పిల్ల తడి వేళ్లతో చీలికను అదిమింది.

తాళంచెవి ఆ పిల్ల చేతికిచ్చి, గది తెరవమన్నాను. పెనం మీద రొట్టె పొంగింది. అంచున చిన్న చిన్న వేళ్ల అచ్చులు.