అయ్యగారికి ఏం కావాల్సి ఉండేదో

మా ఫ్రెంచి రేవు ఊరి గురువారం సంతలో నా అట్ల పెనం పక్కనే ఆర్మెల్ వెన్న బల్ల. చిన్నప్పుడు ఒకే బెంచీ మీద కూర్చున్నాం, ఇప్పుడు ఒకే సముద్రపు గాలికి వణుకుతున్నాం. గాలికి నా అట్లు ఎగిరిపోతాయి గానీ ఆమె వెన్నముద్ద కదలదు. మనిషీ అంతే, ఒక పట్టాన కదలదు.

సంతకొచ్చినవాళ్లందరినీ ఆర్మెల్ ఒకే తీరున పలకరించేది. "అమ్మగారికి ఏం కావాల్సి ఉండేదో? అయ్యగారికి ఏం కావాల్సి ఉండేదో?" మనిషి ఎదురుగా నిలబడి ఉంటే "ఉండేది" ఏమిటని పైఊరివాళ్లు నవ్వుతారు. మా అంగళ్లలో అది మర్యాద. "ఏం కావాలి" అంటే మెడ మీద కూర్చున్నట్టు, "కావాల్సి ఉండేది" అంటే కుర్చీ వేసి కూర్చోబెట్టినట్టు.

మా ఫ్రెంచిలో ఆ మాట "వులే". బడిలో పంతులమ్మ కర్రతో తాళం వేస్తూ వల్లె వేయించేది: ఝ వులే, తు వులే, ఇల్ వులే. నాకు కావాల్సి ఉండేది, నీకు కావాల్సి ఉండేది, అతనికి కావాల్సి ఉండేది. కాగితం మీద ఎలా రాసినా చెవికి మూడింట్లోనూ "వులే" ఒకటే. వ్యాకరణంలో ఆ కాలం పేరుకే "పూర్తికానిది" అని అర్థం. "పని అయిపోయిందని అది చెప్పదు పిల్లలూ, సాగుతూ ఉండేదని మాత్రమే చెబుతుంది" అనేది పంతులమ్మ. నాకు ఆ పాఠం ఈ చెవిన దూరి ఆ చెవిన పోయింది. ఆర్మెల్‌కు మాత్రం మొగుణ్ణి తెచ్చిపెట్టింది.

గుల్వెన్ అప్పుడు రేవులో పడవ ఇంజన్లు బాగుచేసే కుర్రాడు. ఎంత మొండి ఇంజన్ అయినా అతని చేతిలో పాట పాడేది గానీ, ఆడపిల్ల ఎదుట అతనికి నోట్లో నాలుక ఉండేది కాదు. ఒక గురువారం వచ్చి వెన్న బల్ల ముందు నిలబడ్డాడు.

"అయ్యగారికి ఏం కావాల్సి ఉండేదో?" అంది ఆర్మెల్.

"నాకు... కావాల్సి ఉండేది..." అన్నాడు. అక్కడే ఆగిపోయాడు. చెవులు ఎర్రబడ్డాయి. వెనకాల వరస పెరుగుతోంది. ఆర్మెల్ అతని మొహం చూసి, తీగతో ఉప్పువెన్న అరకిలో కోసి, కాగితంలో చుట్టి చేతిలో పెట్టింది. మరుసటి గురువారమూ అదే తంతు. ఆ తర్వాతా అంతే. చివరికి గుల్వెన్ తల్లే సంతకొచ్చింది. "మా వంటింట్లో వెన్న తప్ప ఇంకేదీ పెట్టడానికి చోటు లేదమ్మాయ్. వాడు అడగలేనిది వెన్న కాదు. నువ్వే ఏదో ఒకటి తేల్చు" అంది. ఆర్మెల్ తేల్చింది. గుల్వెన్ ఆ వాక్యం ఎన్నడూ పూర్తి చేయలేదు, పెళ్లి మాత్రం అయింది.

ఇన్నేళ్ల కాపురం తర్వాత, పోయిన చలికాలం పక్షవాతం వచ్చి గుల్వెన్‌కు మాట పడిపోయింది. గుట్ట మీది వృద్ధాశ్రమంలో పెట్టారు. ఎవరు పలకరించినా కిటికీ వైపే చూస్తాడు, పెళ్లాం పలకరించినా అంతే. ఒక్కసారి తనను గుర్తుపట్టాలి, అది చాలు అనుకుంది ఆర్మెల్. ఆమెకు ఇంకే కోరికా లేదు.

ఆ రోజుల్లోనే ఎదుటి బల్ల చేపల రోనన్ నోరు జారాడు. పాపం, మంచికే అన్నాడు. "గుల్వెన్ పెళ్లిళ్లలో ఎంత బాగా పాడేవాడో. బంగారంలాంటి మనిషి, ఎంత సరదాగా ఉండేవాడు."

ఆర్మెల్ వెన్న తీగ బల్ల మీద పడేసింది. "ఉండేవాడేంట్రా? మా ఆయన ఉన్నాడు. పొద్దున పాలు తాగాడు. పోయినవాళ్లకు వాడే మాట నా మొగుడికి వాడితే నీ చేపలు రోడ్డు మీదుంటాయి."

"అయ్యో, నా ఉద్దేశం అది కాదమ్మా."

"నీ ఉద్దేశం నీ దగ్గరే పెట్టుకో."

అంతటితో ఆగలేదు. ఆ "ఉండేది" కాలాన్నే నోట్లోంచి వెళ్లగొట్టింది. కొనేవాళ్లను "ఏం కావాలి?" అని మొహం మీదే అడగడం మొదలుపెట్టింది. పోలీసు స్టేషన్‌కు వచ్చినట్టుందని జనం గొణుక్కున్నారు. గుల్వెన్ దగ్గర ఆ పట్టుదల మరీ పెరిగింది. "నువ్వు గుల్వెన్‌వి. నేను ఆర్మెల్‌ని. నువ్వు పాడతావు. నీకు అట్లు ఇష్టం." రోజూ ఇదే పాఠం. ఆయన కిటికీ వైపు చూసేవాడు.

ఒక ఆదివారం నేనూ వెంట వెళ్లాను. మధ్యాహ్నం భోజనం పళ్లెంలో రొట్టె, రేకు కాగితంలో చుట్టిన చిన్న వెన్నబిళ్ల పెట్టి వెళ్లారు. గుల్వెన్ ఆ బిళ్లను విప్పి, నాలుక కొసకు తాకించి, పళ్లెం అవతలికి నెట్టేశాడు.

"ఉప్పు లేదు," అన్నాను నేను. మా ఊళ్లో ఉప్పు లేని వెన్న ముట్టేవాళ్లెవరు?

ఆర్మెల్‌కు నవ్వొచ్చింది. ఎన్ని నెలల తర్వాత వచ్చిందో ఆ నవ్వు. కళ్లు తుడుచుకుంటూ, బల్ల వెనక నిలబడ్డట్టే నడుం నిటారుగా చేసి, ఏమీ అనుకోకుండానే అనేసింది:

"అయితే అయ్యగారికి ఏం కావాల్సి ఉండేదో?"

గుల్వెన్ మొహం తిప్పాడు. కిటికీ మీంచి ఆమె మీదికి. పెదవులు ఏదో వెతుక్కున్నాయి. చెవులు ఎర్రబడ్డాయి, దేవుడి మీద ఒట్టు, ఆ వయసులో ఎర్రబడ్డాయి.

"...వులే," అన్నాడు. అక్కడే ఆగిపోయాడు.

ఆర్మెల్ కదల్లేదు. తర్వాత మెల్లగా, చిన్నప్పటి గొంతుతో, "ఉప్పువెన్న అరకిలో. తెస్తానండీ, రేపే తెస్తాను" అంది. ఆయన ఆమె చెయ్యి పట్టుకుని వదల్లేదు. నేను కిటికీ దగ్గరికి పోయి, చూడటానికి ఏమీ లేని వాన చూస్తూ ఏడ్చాను.

గుట్ట దిగేటప్పుడు ఊరుకోలేక అడిగాను. "ఏమే, ముందు మాట నాకు వినపడలేదు. 'నాకు కావాల్సి ఉండేది' అన్నాడా, 'నీకు' అన్నాడా? చెవికి రెండూ ఒకటేగా."

ఆర్మెల్ తలగుడ్డ ముడి బిగించుకుంది.

"ఏదన్నా నిజమే కదే," అంది.