ఏ మాలేష్?

మా బహ్గత్ మేష్టారి ముందు "మాలేష్" అన్న మాట మాత్రం అనకూడదు. అన్నారా, ఆ పూటకు మీ పని అయిపోయినట్టే. కాలు తొక్కి అన్నా, కన్నీళ్ళు తుడుస్తూ అన్నా సరే, ఆయన కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టి, మెడ ముందుకు చాచి ఒకటే ప్రశ్న వేసేవారు.

"ఏ మాలేష్?"

అలెగ్జాండ్రియాలో పుట్టినవాడు రోజుకు యాభైసార్లయినా మాలేష్ అంటాడు. అందుకే మేష్టారికి రోజుకు యాభైమంది దొరికేవారు. కూరగాయల వాడు ఆయన్ని చూస్తే తక్కెడ వదిలేసి లోపలికి పోయేవాడు.

ఆయన లెక్కలో మాలేష్‌లు ఏడు. కాలు తొక్కినవాడు అనేది మొదటిది: తప్పు నాది, మన్నించండి. తొక్కించుకున్నవాడు అనేది రెండోది: పర్లేదు లెండి. ఏడ్చేవాళ్ళ వీపు నిమురుతూ అనేది మూడోది. కిటికీ వెనక గుమాస్తా టీ తాగుతూ అనేది నాలుగోది: నీ పని కాదు, రేపు రా. ఐదోది అమ్మలది: పోనీలే, తిన్నది తమ్ముడే కదా. ఆరోది ట్రాములో మోచేత్తో పొడుస్తూ అనేది. ఏడోది ఏమిటని అడిగితే మాత్రం మేష్టారు సుద్దముక్క జేబులో వేసుకుని, "అది సిలబసులో లేదు" అనేసేవారు.

ఆయన మాకు యూనివర్సిటీలో పోర్చుగీసు చెప్పేవారు. అక్కడ పాఠం చెప్పేవారిని డాక్టర్ అనే పిలుస్తారు. ఈ ఆరు మాలేష్‌లకూ ఆ భాషలో ఆరు వేరువేరు మాటలున్నాయట. "ఒకటి అనబోయి ఇంకోటి అన్నారో, పెళ్ళికొడుకుని పట్టుకుని పరామర్శించినట్టుంటుంది. అనువాదం చేసేవాడు మాటలు మోసే కూలీ కాడర్రా. ఏ మాలేషో కనుక్కునేవాడు!" అనేవారు. కనుక్కోవడం అంటే ఆయన దృష్టిలో నిలదీయడమే.

ఒకసారి కాలేజీ ఆఫీసులో ఇన్షిరాహ్ మేడమ్ ఆయనకు దొరికిపోయింది.

"మీ ఫైలు కనబడలేదు డాక్టర్. మాలేష్."

"ఏ మాలేష్ మేడమ్? మొదటిదా, నాలుగోదా?"

"అంటే?"

"మొదటిదైతే మీరు వెతకాలి. నాలుగోదైతే నేను రేపు రావాలి."

పాపం ఆవిడ పదకొండేళ్ళ ఉద్యోగంలో మొదటిసారి పనివేళల్లో కుర్చీలోంచి లేచింది. లేవగానే ఫైలు దొరికింది. అప్పటిదాకా దానిమీదే కూర్చుని ఉందావిడ.

పరామర్శకు వెళ్ళినా ఆయన నోరు ఊరుకునేది కాదు. తోటి లెక్చరరు ఒకాయన పోయినప్పుడు, కాఫీ పళ్ళెం అందుకోవడానికి ఎవరో పెద్దమనిషి చనిపోయినాయన భార్యను పక్కకు నెడుతూ "మాలేష్ అమ్మా" అన్నాడు. మేష్టారు వంగి, చాలా గౌరవంగా, "మూడోదాండీ, ఆరోదాండీ?" అని అడిగారు. మూడు రోజులుగా పలకని ఆ ఇల్లాలు ఫక్కున నవ్వేసింది.

మేష్టారి వింతలు అక్కడితో ఆగలేదు. ఆయన తల నున్నటి బట్టతల. అయినా ప్రతి సోమవారం సెలూన్‌కి వెళ్ళేవారు. ఒంటరి మనిషి, అయినా ప్రతి మంగళవారం నలభై రొట్టెలు కొని, తినలేక క్లాసులో పంచేవారు. ఇల్లు కాలేజీ వెనక సందులోనే, అయినా ప్రతి గురువారం మధ్యాహ్నం ట్రామెక్కి చివరి స్టాపు విక్టోరియా దాకా వెళ్ళి, దిగకుండా అదే ట్రాములో తిరిగొచ్చేవారు. కొత్త మాలేష్‌లు ఏరుకోవడానికి తిరుగుతున్నారని మేం తీర్మానించుకున్నాం. రొట్టెలు మాత్రం కాదనకుండా తిన్నాం.

మేం అంటే నేను, కరమ్, షాహినాజ్, ఇంకో ఇద్దరు, మొత్తం ఐదుగురం. పోర్చుగీసు సెక్షన్ మొత్తం అంతే. పక్క గదిలో ఇంగ్లీషు వాళ్ళు కిటికీల మీద కూర్చుని పాఠం వినేవారు. మా గదిలో ఒక్కొక్కరికి ఎనిమిది బెంచీలు వచ్చేవి.

మా నాన్న ఫర్గలీ ట్రాము డ్రైవరు. మేష్టారి మాలేష్‌ల లెక్క నా నోట రోజూ విని ఆయనకు కంఠతా వచ్చింది కానీ, నా చదువు మాత్రం గొంతులో ముల్లులా ఉండేది.

"ఇంగ్లీషు చదివితే బ్యాంకు. ఫ్రెంచి చదివితే హోటలు. నీ పోర్చుగీసుతో ఎవరితో మాట్లాడతావే నజ్లా? సముద్రంలో చేపలతోనా?"

"బ్రెజిల్లో ఇరవై కోట్ల మంది మాట్లాడతారు నాన్నా."

"వాళ్ళలో ఒక్కడైనా నా ట్రామెక్కాడా?"

ఏటా సెప్టెంబరులో చదువు మాన్పిస్తానని నాన్న లేచేవాడు. అక్టోబరు వచ్చేసరికి ఎందుకో చల్లబడేవాడు. నాలుగో ఏడు మాత్రం ఖచ్చితంగా చెప్పేశాడు. జూన్ నెలాఖరుకు ఉద్యోగం రాకపోతే మా మేనత్త టైలరింగ్ షాపులో గుండీలు కుట్టాలి. షాపులో నాకోసం స్టూలు కూడా వేయించారు. ఆ స్టూలు నాకు కలలోకి వచ్చేది.

జూన్ మూడో వారం, గురువారం పొద్దున్నే మేష్టారు నన్ను పిలిచారు.

"మన ఊరి పక్కన బుర్జ్ అల్ అరబ్‌లో ఊరవేసిన ఆలివ్ కాయల ఫ్యాక్టరీ ఉంది. ఓనరు మత్వల్లీ హాజీ. బ్రెజిల్‌లో వాళ్ళ సరుకు కొనే ఆవిడ పోట్లాడటానికి వచ్చిందట. దుబాసీ కావాలంటున్నారు. నువ్వు వెళ్ళు."

"నేనా? నోరు పెగలకపోతే?"

"పెగలకపోతే వాళ్ళిద్దరూ అరుచుకుంటారు, కాస్త టైం దొరుకుతుంది. మాలేష్ వినబడితే మాత్రం తొందరపడకు."

ఫ్యాక్టరీలో బల్లకు ఆ పక్క దోనా ఇవోని, ఈ పక్క హాజీ. దోనా అంటే వాళ్ళ భాషలో మేడమ్ లాంటిది. ఆవిడ ఏడాదికి ముప్పై కంటెయినర్ల కాయలు కొనే మనిషి. ఆవిడ నన్ను పలకరించకుండానే హ్యాండుబ్యాగులోంచి ఉంగరాల డబ్బీ తీసి బల్లమీద పెట్టి, మూత తెరిచింది. లోపల దూది మీద ఒక ఆలివ్ గింజ.

"గింజ తీసిన కాయలన్నారు. మా అమ్మకు ఎనభై నాలుగేళ్ళు. ఉన్నవే నాలుగు పళ్ళు. ఇప్పుడు మూడు!"

నేను అరబీలోకి మార్చి చెప్పాను. ఆవిడ తర్వాత ఒక ఉత్తరం తీసింది. మూడు నెలల కిందట ఫిర్యాదు రాస్తే ఫ్యాక్టరీ గుమాస్తా డిక్షనరీ ముందేసుకుని పంపిన జవాబు అది. దాని చివరి వాక్యం ఆవిడ గట్టిగా చదివింది: "ఇదేమంత పెద్ద విషయం, మర్చిపోండి."

హాజీ అనమన్నది మాలేష్. గుమాస్తా అన్నదీ మాలేషే. కాకపోతే అలెగ్జాండ్రియాలో బయల్దేరిన మాలేష్ ఒకటి, సావో పాలోలో దిగింది ఇంకోటి.

"పన్ను విరగ్గొట్టి మర్చిపొమ్మంటాడా? ఇక ఒక్క కాయ కూడా కొనను. ఆ మాట మొహం మీద చెప్పడానికే వచ్చాను!" అని ఆవిడ లేచి నిలబడింది.

హాజీ మొహం పాలిపోయింది. రెండు చేతులూ గాల్లోకెత్తి, "మాలేష్! మాలేష్ తల్లీ, మాలేష్!" అన్నాడు.

అందరూ నా వైపు తిరిగారు. నాలుగేళ్ళ అలవాటు నా నోట్లోంచి నన్నడక్కుండానే దూకింది.

"ఏ మాలేష్, హాజీ?"

హాజీ నన్ను ఎగాదిగా చూశాడు. "ఏ మాలేష్ ఏంటమ్మాయ్, పిచ్చా నీకు?"

"పోనిద్దురూ అనా? నేనేం చెయ్యను అనా? లేకపోతే తప్పు మీదేనని ఒప్పుకుంటున్నారా? ఆవిడ భాషలో మూడూ వేరు హాజీ. ఏదో ఒకటి చెప్పండి, ఆవిడ వెళ్ళిపోతోంది."

ముప్పై ఏళ్ళ వ్యాపారంలో ఆయన్ని ఎవరూ ఆ ప్రశ్న అడిగి ఉండరు. గడ్డం గోక్కున్నాడు. ఉంగరాల డబ్బీ వైపు చూశాడు. గొంతు తగ్గించి, "తప్పు నాదే తల్లీ. గింజలు తీసే మిషను పాడైందని నాకు తెలుసు. తెలిసే పంపాను. ఆ పెద్దావిడ నా తల్లిలాంటిది. అలా చెప్పు" అన్నాడు.

అలాగే చెప్పాను. మొదటి మాలేష్, ఒక్క అక్షరం పొల్లుపోకుండా. దోనా ఇవోని నిలబడే విన్నది. తర్వాత కూర్చుంది. "ఈ ఒక్క ముక్క కోసం మూడు నెలలు చూశాను" అని డబ్బీ మూత మూసేసి, మెల్లగా ఇంకో మాట అంది.

"ఏమంటోంది?" అన్నాడు హాజీ ఊపిరి బిగబట్టి.

"మాలేష్ అంటోంది హాజీ. మా మేష్టారి లెక్కలో రెండోది, పర్లేదు లెండి అనేది!"

ఆ ముసలాయన ఏడ్చాడో నవ్వాడో నాకు ఇప్పటికీ తెలీదు. ముప్పై కంటెయినర్ల ఒప్పందం నలభైకి పెరిగింది. పెద్దావిడ పన్ను ఖర్చు ఫ్యాక్టరీది. ఒకటో తారీఖు నుంచి ఉద్యోగంలో చేరమని నాకు ఆ బల్ల దగ్గరే కాగితం రాసిచ్చారు. అందులో జీతం అంకె చూసి సున్నా ఎక్కువ పడిందేమోనని భయపడ్డాను.

తిరుగు బస్సు దిగి, ముందు నాన్నకు చెప్పాలని ట్రాము స్టాపుకు పరుగెత్తాను. నాన్న ట్రామే వచ్చింది. ముందు తలుపులోంచి ఎక్కి మెట్టు మీదే ఆగిపోయాను. "డ్రైవరుతో మాట్లాడరాదు" అన్న బోర్డు కింద బహ్గత్ మేష్టారు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. ఆయన మాట్లాడటం లేదు. మాట్లాడుతున్నది మా నాన్న.

"నాలుగేళ్ళ నుంచి ఇదే పాట డాక్టర్! ఇంకొక్క ఏడు, ఇంకొక్క ఏడంటూ నా పిల్ల బతుకు బుగ్గి చేశారు. రేపు దానికి పని దొరక్కపోతే మీరొచ్చి గుండీలు కుడతారా?"

"మాలేష్, ఉస్తా ఫర్గలీ" అన్నారు మేష్టారు, పనివాళ్ళను గౌరవంగా పిలిచే పిలుపుతో.

ఏ మాలేష్ అని ఆయన చెప్పలేదు. నాన్న అడగలేదు.

నాకు అక్కడికక్కడే అన్నీ వెలిగాయి. కరమ్ వాళ్ళ నాన్నది సెలూన్. షాహినాజ్ వాళ్ళది రొట్టెల బట్టీ. బట్టతలకు సోమవారం క్షవరం ఎందుకో, మంగళవారం నలభై రొట్టెలు ఎందుకో, గురువారం ఈ చివర నుంచి ఆ చివరకు ట్రాము ఎందుకో తెలిసింది. మా నాన్నలు మమ్మల్ని తిట్టాల్సిన తిట్లన్నీ ఈయన వాళ్ళ పనుల దగ్గరికే వెళ్ళి తిని వస్తున్నారు. నాకు మేష్టారి మీద ఎంత ప్రేమ పొంగిందంటే, కోపం వచ్చేసింది.

"ఏ మాలేష్, డాక్టర్?" అన్నాను వెనక నుంచి.

మేష్టారు ఉలిక్కిపడ్డారు. చెవులు ఎర్రబడ్డాయి. కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టి, మళ్ళీ దించి, "ఏడోది" అని గొణిగారు. "దానికి పోర్చుగీసులో మాట లేదు. ముప్పై ఏళ్ళుగా వెతుకుతున్నాను."

నేను కాగితం తీసి నాన్న కళ్ళముందు పెట్టాను. నాన్న ఒకసారి చదివాడు. అంకె దగ్గర ఇంకోసారి చదివాడు. తర్వాత కాలికింద గంట నొక్కడం మొదలుపెట్టాడు. పట్టాల మీద మనిషి లేడు, గాడిద లేదు, ట్రాము మాత్రం పెళ్ళి ఊరేగింపులా గణగణమంటూ పోతోంది. "నా కూతురే! బ్రెజిల్ వాళ్ళతో మాట్లాడి వచ్చింది!" అని వెనక్కి తిరిగి ప్రతివాళ్ళకీ చెబుతున్నాడు. ఆడవాళ్ళ పెట్టెలోంచి పెళ్ళిళ్ళలో నాలుక ఆడిస్తూ వేసే సంతోషపు కేకలు, జగారీతులు, వినబడ్డాయి.

ఆ సందడిలో మేష్టారు దిగాల్సిన, కాలేజీ దగ్గరి షాత్బీ స్టాపు దాటిపోయింది. ఆయన వెనక్కి చూస్తూ నిలబడ్డారు.

నాన్న గంట ఆపాడు. నల్లబడిన మెడ తువ్వాలుతో తుడుచుకున్నాడు.

"మాలేష్ డాక్టర్. మీ స్టాపు దాటించేశాను."

మేష్టారు అలవాటు కొద్దీ మెడ ముందుకు చాచారు. "ఏ మాలేష్, ఉస్తా?"

మా నాన్న పట్టాల వైపే చూస్తూ, "మొదటిదండీ" అన్నాడు. "నాలుగేళ్ళదీ కలిపి."