గుట్ట ఎక్కని కృతజ్ఞత

ఒక పెళ్ళిని గుట్ట మధ్యలో ఆపిన ఘనత మీలో ఎంతమందికి ఉందో నాకు తెలియదు. నాకుంది. పెళ్ళికూతుర్ని గాని, పెళ్ళికొడుకుని గాని వేలితో తాకకుండా, ఉత్త మోటారుసైకిలును బాగుచేసి ఆపాను. అప్పటి నన్ను తలుచుకుంటే జాలి కలగదు, చెవి మెలిపెట్టాలనిపిస్తుంది. మీరూ జాలిపడకండి. ఆ పిల్ల అందుకు తగదు.

నేను బడి గడప తొక్కలేదు. అక్షరాలు అమ్మ దగ్గర, పానాలు పట్టి బండ్లు బాగుచేయడం నాన్న దగ్గర, రెండూ ఇంట్లోనే నేర్చుకున్నాను. పీణ్య ఫ్యాక్టరీలో లేత్ మిషన్ మీద పనిచేసే నాన్న, ఇంటికొచ్చాక పాత బండ్లు విప్పుతూ పాఠం చెప్పేవాడు.

"ఇంజను దగ్గరుండే పళ్ళచక్రానికి పళ్ళు పెంచి, వెనక టైరు దగ్గరి పళ్ళచక్రానికి తగ్గించావనుకో, ఇంజను తీరిగ్గా తిరుగుతుంటుంది, బండి మాత్రం దూసుకుపోతుంది. హైవే మీద హాయి. కానీ..."

ఆ 'కానీ' దగ్గర పొయ్యి మీద పాలు పొంగాయి. లోపలికి పరిగెత్తాను. తిరిగొచ్చి మిగతా సగం అడగలేదు. సగం పాఠంతోనే పూర్తి పండితురాలినైపోయాను. నిండుకుండ తొణకదంటారు. నేను అడుగున గుక్కెడు నీళ్ళున్న కుండని, మారతహళ్ళి వీధులన్నీ మోగించుకుంటూ తిరిగాను.

అక్కడి మా సంఘంలో పాస్టరుగారిని అయ్యగారనీ, ఆయన భార్యను అమ్మగారనీ పిలుస్తాం. మా అమ్మ ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ వాళ్ళిద్దరూ పాత బండి మీద రోజూ వచ్చి ప్రార్థన చేసి వెళ్ళారు. దేవుని దయవల్ల అమ్మ లేచి నడిచింది. అందుకు ఇవాళ్టికీ పొద్దున లేవగానే స్తోత్రం చెప్పుకుంటాను. అందులో తప్పేమీ లేదు. స్తోత్రంతో ఊరుకోకపోవడంలోనే ఉంది తప్పంతా.

మేలు జరిగితే మావాళ్ళు కృతజ్ఞతార్పణ ఇస్తారు. కవరు మీద పేరు కూడా రాయకుండా పళ్ళెంలో వేస్తారు. నేనేం ఇవ్వాలా అని తికమకపడుతుండగా, అయ్యగారు ఎవరితోనో అంటుంటే విన్నాను.

"హైవే ఎక్కితే బండి గొంతు చించుకుంటోందండీ. కోలారు చేరేసరికి చేతులు తిమ్మిరెక్కి, ప్రభువు బల్ల దగ్గర ద్రాక్షరసం గిన్నె పట్టుకుంటే వణుకుతున్నాయి."

చాలు. నా కృతజ్ఞతకు దారి దొరికింది.

శుక్రవారం ఉపవాస ప్రార్థన. అమ్మగారు ప్రార్థన అందుకుంటే, అందరూ కళ్ళు తెరిచేలోపు ఒక బండిని విప్పి బిగించవచ్చు. ఊరికే అనడం లేదు, చేసి చెబుతున్నాను. మందిరం వెనక్కి జారుకుని, నాన్న పాత సామాన్లలోంచి తెచ్చిన పళ్ళచక్రాలు వేసి, ఇంజను దగ్గర రెండు పళ్ళు పెంచాను. అక్కడితో ఆగితే నేను నేనెందుకవుతాను? వెనక టైరు దగ్గర ఆరు తగ్గించాను. గొలుసు బిగించి, చేతులు కడుక్కుని, ఆమేన్ వేళకు చాప మీదున్నాను. కుడిచేయి ఇచ్చేది ఎడమచేతికి తెలియకూడదంటారు. నా విషయంలో రెండు చేతులకూ తెలుసు, తలకాయకే తెలియలేదు.

ఇంటికి బయలుదేరుతూ అయ్యగారు అన్నారు: "ఏంటే ఇది, ఉపవాసం ఉంది మనమా, బండా? నీరసంగా కదులుతోంది."

"నేనెక్కగానే మీకు బండి మీద జాలి పుడుతుంది. పోనివ్వండి," అన్నారు అమ్మగారు.

నేను చాటున ముసిముసిగా నవ్వుకున్నాను. ఆ నవ్వు ఇప్పుడు కనిపిస్తే చీపురుతో తుడిచేసేదాన్ని.

ఆదివారం మధ్యాహ్నం కోలారు అవతల ఒక గుట్ట మీది మందిరంలో పెళ్ళి. పెళ్ళికూతుర్ని తల్లీతండ్రీ లేకపోతే అవ్వ పెంచింది. అవ్వ మా మతం కాదు. మనవరాలి మీది ప్రేమతో ఒప్పుకుంది గాని, ఒక షరతు పెట్టింది. రాహుకాలం రాకముందే ముగించాలి, లేదా తను లేచి వెళ్ళిపోతుంది. "మాకు రాహుకాలాలు లేవవ్వా, కానీ నీ మాట నిలబెడతాను," అని అయ్యగారు మాటిచ్చారు. అవ్వ తన నెత్తిన చేయి పెట్టనిదే ప్రమాణం చెయ్యనని పిల్ల కూర్చుంది.

పాటలు పాడే మేమంతా ముందే బస్సు దిగి గుట్ట ఎక్కాం. వంటపాత్రలు దించిన ట్రాక్టరు వెళ్ళిపోయింది. దారిలోంచి అయ్యగారు ఫోన్ చేశారు.

"అమ్మాయ్, బండి ఇవాళ ఉయ్యాలలా ఉంది. చేతుల్లో వణుకే లేదు. దేవుడు దీన్ని ముట్టాడు."

"దేవుడు మనుషుల చేతే చేయిస్తాడు కదండీ," అన్నాను, వినయంగా. అంత వినయం ఒంటికి మంచిది కాదు.

కాసేపటికి బండి గుట్ట కింద కనబడింది. పెళ్ళివాళ్ళంతా ప్రహరీ దగ్గర చేరారు. బండి కొంత ఎక్కింది. ఆగింది. వెనక్కి జారింది.

"ఏమప్పా, మీ అయ్యోరు వస్తాండాడా, పోతాండాడా?" అంది అవ్వ.

"వస్తాండాడు అవ్వా," అన్నాడు పెళ్ళికొడుకు.

"మొగం ఇట్లుండాది, బండి అట్ల పోతాండాదే."

అమ్మగారు దిగారు. బండి నాలుగడుగులు గెంతి చచ్చింది. పెళ్ళికొడుకు నావైపు తిరిగాడు. "అక్కా, నీకు బండ్లు తెలుసు కదా, ఏమైంటుంది?"

"దుమ్ము పట్టుంటుంది," అన్నాను. అప్పుడు గాని నాన్న చెప్పబోయిన 'కానీ' తర్వాత ఏముందో నాకు కళ్ళకు కట్టలేదు. హైవే మీద హాయినిచ్చేది ఎత్తు మీద లాగే బలాన్ని పట్టుకుపోతుంది.

ఫోన్ మోగింది. "అమ్మాయ్, మొదటి గేరులో కూడా ఎక్కనంటోంది. క్లచ్ మాడు వాసనొస్తోంది. నడుద్దామంటే నా మోకాళ్ళ సంగతి నీకు తెలుసు కదా."

"అయ్యగారూ, చక్రాల పళ్ళు నేనే మార్చానండీ. మీ సుఖం కోసం."

అవతల ఫోన్ చేతులు మారింది. తర్వాత అమ్మగారి గొంతు: "ఎప్పుడు?"

"శుక్రవారం, మీరు ప్రార్థన చేస్తుండగా."

"ఎక్కడున్నాను నేను అప్పుడు?"

"నిరుద్యోగుల దగ్గర మొదలుపెట్టానండీ. విదేశాల్లో ఉన్నవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి బిగించేశాను."

అయ్యగారి మోకాళ్ళ సంగతి పెళ్ళివాళ్ళకు చెప్పగానే అవ్వ లేచింది. "నా చెప్పులు యాడ?" అంది. పెళ్ళికూతురి ముఖం పాలిపోయింది. నా సగం పాఠానికి ఒక పిల్ల పెళ్ళి పోతోంది.

"అవ్వా, పోవద్దు, కొంచెం తాళవ్వా," అని పిల్ల కొంగు పట్టుకుంది.

"తాళేదెట్ల? ఆయప్ప మోకాళ్ళు ఎక్కేలోపల రాహుకాలం వస్తాది. ఆయన ఎక్కలేకపోతే మనకి దిగే కాళ్ళు లేవా? నడవండి అందరూ. పూలదండలు మరిచేరు, బేగ."

పెళ్ళి మొత్తం గుట్ట దిగింది. ఎండలో, మలుపు దగ్గర, స్టాండు వేసిన ఆ దిక్కుమాలిన బండి పక్కన అయ్యగారు ప్రమాణాలు చేయించారు. అవ్వ చేయి పిల్ల నెత్తిన పెట్టింది. అంతా రాహుకాలం లోపే. నేను ఏడుస్తూ స్తోత్రం చెప్పుకున్నాను. దేవుడు ఆ పెళ్ళిని కాపాడింది రాహువు నుంచి కాదు, నా తెలివి నుంచి.

భోజనాల దగ్గర అమ్మగారు నా విస్తరిలో తనే అన్నం వడ్డించి, మెల్లగా అన్నారు: "మళ్ళీ ఎప్పుడైనా మా మీద కృతజ్ఞత పుడితే ముందు ఒక్క ఫోన్ చెయ్యి తల్లీ. అది నీలోంచి వదిలిపోయేలా ఉపవాసముండి ప్రార్థన చేస్తాం."

అందుచేత, ఆకాశం సాక్షిగా, నా దగ్గర మిగిలిన ఇరుసు గ్రీజు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. బతికున్నంతకాలం అడగకుండా ఎవరికీ మేలు చెయ్యను. మనసు మరీ పొంగితే చేపల పులుసు వండి పంపుతాను. అదీ, కారం ఎంత తింటారో కనుక్కున్న తర్వాతే.