పదిహేను సెకన్లు కదలని మనిషి

మా కడప జిల్లాలో జలపాతానిది ఏడాదికి పది రోజుల కొలువు. వాన గట్టిగా పడితే జమ్మలమడుగు అవతల కొండల మీంచి ఒక వాగు దూకుతుంది. పడకపోతే ఆ ఏడు సెలవే. ప్రొద్దుటూరులో పెళ్ళిళ్ళ ఫోటోలు తీసుకుని బతికే నాకు ఆ వాగంటే పిచ్చి. నీళ్ళను నీళ్ళలా తీయడం ఎవరికైనా వచ్చు. నాకు మాత్రం అవి పొగలా కనబడాలి. అందుకు కెమెరా కన్ను చాలాసేపు తెరిచి ఉంచాలి, పట్టపగలు అలా తెరిస్తే ఫోటో తెల్లబోతుంది. మా వీధిలో వెల్డింగు షాపు సాయిబును బతిమాలి, ఆయన నిప్పురవ్వలకు అడ్డం పెట్టుకునే నల్లద్దంలో ఒక ముక్క సంపాదించి లెన్సు ముందు అంటించాను.

"నిప్పును సూసేదానికప్పా ఇది. నీళ్ళను సూసేదానికి అద్దమెందుకు నీకు?" అని ఆయన నవ్వాడు.

ఆ అద్దం పెడితే ఒక్క ఫోటోకు పదిహేను సెకన్లు పట్టేది.

అవి ఫ్యాక్షన్ రోజులు. పులివెందుల దారిలో ఒక ఊరి పెద్ద ఉండేవాడు. పార్టీలు ఆయన్ని మార్చలేదు గాని, ఆయన మాత్రం రెండు పార్టీలు మార్చాడు. వెంట పది మంది లేనిదే గడప దాటేవాడు కాదు. చెంబు పట్టుకుని పొలం గట్టుకు పోయినా నలుగురు కాపలా ఉంటారని ఊళ్ళో చాటుగా నవ్వుకునేవాళ్ళు. ఎలక్షన్లు వచ్చాయి. ఆ వాగు మీద చెక్‌డ్యాం తనే కట్టించానని కరపత్రం వేయించాలనుకున్నాడు. అందులో రాయించింది చదివితే వాన కూడా ఆయన పార్టీలోనే చేరిందనిపించేది. ఫోటో తీయమని నాకు కబురు పెట్టాడు.

"నీళ్ళు కనబడాల. మనోళ్ళు ఎంతమంది ఉండారో కనబడాల. ఎదుటోడు సూసి మంచం పట్టాల. అంతే!" అన్నాడు.

రెండు జీపుల్లో వాగు దగ్గరికి పోయాం. దూకే నీళ్ళ ముందు బండ మీద ఆయన, ఆయనకు అటు అయిదుగురు, ఇటు అయిదుగురు. మామూలుగా తీసి ఉంటే రెప్పపాటులో అయిపోయేది. కానీ అంత నిండుగా నీళ్ళు దూకుతుంటే నా మనసు ఊరుకోలేదు. ముందు నల్లద్దంతో ఒకటి తీసి నా ముచ్చట తీర్చుకుని, తర్వాత వాళ్ళ పని చూద్దామనుకున్నాను. ఒకరి పని మీద వచ్చినవాడు సొంత ముచ్చటకు పోకూడదని నాకు ఎవరూ చెప్పలేదు.

"ఊపిరి బిగబట్టి నిలబడండన్నా. కదిలినోళ్ళు ఫోటోలో పడరు" అని గట్టిగానే చెప్పాను.

కెమెరా అదరకుండా ఉండడానికి మూరెడు వైరు ఒకటి ఉంటుంది, దాని కొసన బొత్తాం. దాన్ని పట్టుకుని, మోకాలి మీద కూర్చుని, వాచీ చూస్తూ పైకే లెక్కపెట్టడం నా అలవాటు. బొత్తాం నొక్కి, ఒకటి అన్నాను. రెండు అన్నాను. మా సీమలో, ఆ రోజుల్లో, చేతిలో వైరు పట్టుకున్నవాడు వాచీ చూస్తూ అంకెలు చదివితే వినేవాళ్ళకు ఏమనిపిస్తుందో నాకు తట్టనే లేదు.

మూడు అనేసరికి "బాంబురోయ్, వాని చేతిలో వైరుండాదిరా!" అని ఒకడు కేకేశాడు. నాలుగు అనేసరికి పది మందీ చెట్టుకొకరు పుట్టకొకరు. మీసాలకు నూనె రాసుకుని వచ్చిన బలశాలి ఒకాయన తిన్నగా మడుగులోకే దూకాడు. నేను లెక్క ఆపలేదు. అది ధైర్యమేమీ కాదు, మధ్యలో ఆపితే ఫిల్ము దండగ. పెద్దాయన మాత్రం అదే బండ మీద, అలాగే, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడే ఉన్నాడు. పదిహేను అని బొత్తాం వదిలాను.

అప్పటికి ఇద్దరు వెనక నుంచి వచ్చి నా మెడ పట్టుకున్నారు.

"ఇడిసిపెట్టండ్రా! అది కెమెరా వైరు" అని పెద్దాయన అరిచాడు.

ఇంకొకటి తీస్తానంటే ఒక్కరూ ఒప్పుకోలేదు. తడిసిన పంచెలతో, దొర్లిన దుమ్ముతో కరపత్రంలో ఎలా నిలబడతారు? తలలు దించుకుని జీపులెక్కారు.

ఫిల్ము కడిగి చూశాను. నీళ్ళు నేను కలలుగన్నట్టే పొగలా వచ్చాయి. ఆ పొగ ముందు ఆయన ఒక్కడే. పది మందిలో ఒక్కడి జాడా లేదు, నీళ్ళ తెలుపులో కలిసిపోయారు. ఆయన అడిగింది బలగాన్ని. ఇప్పుడీ ఒంటరి బొమ్మను ఏ ముఖం పెట్టుకుని చూపించాలి?

అయినా ఫోటో కవర్లో పెట్టుకుని బస్సెక్కాను. ఆ పది మందీ ఆయన ఇంటి వసారాలో ఉన్నారు. నన్ను చూసి దారి ఇచ్చారు గాని, ఎవరూ నా ముఖం చూడలేదు. లోపల పెద్దాయన ఫోటో తీసుకుని చాలాసేపు చూశాడు. ఆయన భార్య నాకు మజ్జిగ తెచ్చి, ఆయన వెనకే నిలబడింది.

"మనోళ్ళు యాడప్పా?" అన్నాడు.

"కదిలినోళ్ళు పడరన్నా."

"అందరూ కదిలినారా?"

"అందరూ కదిలినారన్నా."

తిడతాడనుకున్నాను. తిట్టలేదు.

"మీరెందుకు కదల్లేదన్నా?" అని నోరు జారాను.

"పారిపోయి పారిపోయి యాష్టకొచ్చిందిలేప్పా. పోతే పోనీ అనుకుంటి" అన్నాడు. అంత మీసమున్న మనిషి అంత మెల్లగా మాట్లాడడం నేను వినడం అదే మొదటిసారి.

ఆమె వంగి ఫోటో అందుకుంది.

"నిన్ను ఒక్కన్ని సూసి ఎన్నేండ్లాయనో" అంది. ఫోటోలో ఆయన పక్కన ఖాళీ బండ మీద వేలు పెట్టింది. "ఈడ శానా జాగా ఉండాదే. నేను నిలబడొచ్చు."

ఆయన ముఖం వెలిగింది. "పోదాం పా. నీళ్ళు ఉండంగానే పోదాం. మనిద్దరమే" అని కండువా భుజాన వేసుకుని లేచాడు.

ఆయన గడప మీద కాలు పెట్టాడో లేదో వసారాలో పది మందీ లేచారు. "యాడికన్నా?" అన్నారు. ఒకడు అప్పుడే జీపు వైపు పరిగెత్తాడు. అన్నాళ్ళూ వాళ్ళను చూస్తే నాకు నవ్వొచ్చేది, ఆ పూట మాత్రం రాలేదు. ఆయన వాళ్ళను చూశాడు. వెనక్కి తిరిగి ఆమెను చూశాడు.

"ఏం లే. కూకోండప్పా" అని కండువా తీసి కుర్చీ మీద వేశాడు.

ఆ ఏడు వాగు ఇంకో వారం పారింది.