మూడో పాటలో దగ్గు

మా వదిన నా క్యాసెట్‌ను చెరిపేసింది. నన్ను అడగలేదు. నేను దుకాణంలో లేని సమయం చూసి, రెండో వైపు మొత్తం తన మాటలు నింపింది. ఇన్నేళ్ళైనా నాకు ఆ కోపం పోలేదు.

నాలుగో తరగతితో బడి మానినవాణ్ణి. రేడియోలు విప్పి, వేళ్ళు కాల్చుకుని పని నేర్చుకున్నాను. వైరు తెగితే చప్పుడు రాదు, అతికితే వస్తుంది. నాకు తెలిసిన లోకం అంతే. దయ్యం పట్టిందని చెప్పినవాళ్ళతో కొట్లాడానే తప్ప ఒక్కనాడూ నమ్మలేదు.

తొంభైల నడిమి మాట. లక్సెట్టిపేటలో నాకు టేపు రికార్డర్ల రిపేరు దుకాణం ఉండేది. మా అన్న కొడుకు లచ్చన్న మస్కట్‌లో కట్టుబడి పనికి పోయాడు. అన్న చనిపోతే యజమాని సెలవియ్యలేదు, రాలేకపోయాడు. ఆ సిగ్గుతోనో ఏమో ఇంటికి జాబులు రాయడం మానేశాడు. నాకు మాత్రం ఊరి మనిషి చేత ఒక ఇంగ్లీషు క్యాసెట్ పంపాడు, సీలు తియ్యనిది. "కాకా, గిది నీకే సమజైతది" అని చీటీ పెట్టాడు.

నిజమే, నాకే అర్థమైంది. ఆ సంగీతాన్ని ట్రిప్‌హాప్ అంటారని, డబ్ అనే జమైకా పద్ధతి అందులో కలిసిందని చాన్నాళ్ళకు తెలిసింది. డప్పు దెబ్బకూ దెబ్బకూ మధ్య బీడీ ముట్టించుకోవచ్చు, అంత నిదానం. బేసు గిటారు లావు తీగ చప్పుడు చెవికి కాదు, రొమ్ముకు తగులుతుంది. ఆడమనిషి ఒక మాట అంటుంది. ఆ మాట దూరం జరిగి, సన్నబడి, మళ్ళీ మన వెనక నుంచి వస్తుంది. పాడినవాళ్ళకంటే దాన్ని కలిపినవాడు గొప్పవాడు. ఏది తీసెయ్యాలో వాడికి తెలుసు.

బేరానికొచ్చినవాళ్ళు నవ్వేవాళ్ళు. "రాజన్నా, నీ టేపుల సెల్లులు దిగినయే!" అనేవాళ్ళు. విననేర్వనివాళ్ళకు ఏం చెబుతాం?

రెండో వైపు మూడో పాటలో ఒకచోట అన్ని వాయిద్యాలూ ఆగిపోతాయి. గుంజుకుపోయే ప్రతిధ్వని ఒక్కటే మిగులుతుంది. అక్కడ ఎవరో దగ్గారు. రెండు పొట్టి దగ్గులు, ఒక పొడుగుది, తర్వాత గొంతు సవరింపు. అది మా అన్న దగ్గు. ఇరవై ఏళ్ళు ఒకే గోడ పంచుకున్నవాణ్ణి, పొరబడను.

స్పిరిటుతో టేపు చదివే హెడ్డు తుడిచాను. మూడు యంత్రాల మీద వేశాను. నిర్మల్‌లో నా స్నేహితుడి దుకాణంలోనూ వేసి చూశాను. అదే చోట, అదే దగ్గు. వదినకు వినిపించాను. అదే నేను చేసిన తప్పు. ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది.

అప్పుడే కబురొచ్చింది, లచ్చన్న ఇంకో రెండేళ్ళకు అగ్రిమెంటు రాయబోతున్నాడని. ఆ దగ్గు వింటే కొడుకు తిరిగొస్తాడని వదిన పట్టుకుంది.

కొన్న క్యాసెట్ మీద రికార్డు కాకుండా వెనక రెండు గుంటలుంటాయి. గల్ఫ్‌కు మాటలు నింపి పంపే ఇళ్ళవాళ్ళు పాత క్యాసెట్లు తెస్తే, ఆ గుంటల్లో కాగితం కుక్కి, మళ్ళీ రికార్డయ్యేట్టు చేసి ఇచ్చేది నేనే. రాయడం రానివాళ్ళకు అదే ఉత్తరం. వదిన నన్ను చూసే నేర్చుకుంది.

ఒకరోజు నేను సామాన్లకు కరీంనగర్ పోయి మధ్యాహ్నం వచ్చేసరికి పని అయిపోయింది. వెనక్కి తిప్పి చివరిదాకా విన్నాను. అన్నీ వదిన మాటలే. "మీ బాపు దగ్గు ఇందులనే ఉన్నది, ఇను బిడ్డా, ఇని రా" అంటోంది. దగ్గు ఉండాల్సిన చోట బర్రె ఈనిన సంగతి ఉంది.

"అంత తుడిచిపెట్టినవు గదనే వదినా!" అని అరిచాను.

"గంత లొల్లెందుకు మరిదీ? నా మాటలు మీద పడ్తయి, ఆయిన దగ్గు కిందుంటది. గోడకు సున్నమేస్తే గోడ వోతదా?"

మస్కట్ పోవడానికి సాయంత్రం బస్సుకు బయల్దేరిన ఊరి మనిషి వాకిట్లో నిలబడ్డాడు. ఆమె క్యాసెట్ అతని చేతిలో పెట్టేసింది.

ఆ తర్వాత నాకు కుదురు లేదు. లచ్చన్న దగ్గు కోసం వెతుకుతాడు, దొరకదు. చచ్చినవాణ్ణి అడ్డం పెట్టి అవ్వా కాకా కలిసి మోసం చేస్తున్నారనుకుంటాడు. ఆ కోపంలో సంతకం పెట్టేస్తాడు. వదిన రోజూ దుకాణం ముందుకొచ్చి, "పోస్టు వచ్చిందా?" అని అడిగేది. ఆమె ముఖం చూడలేక స్క్రూలు ఏరుతున్నట్టు కిందికి వంగేవాణ్ణి.

ఇరవై రోజులు దాటాక నా పేరిట లచ్చన్న జాబు వచ్చింది. ఆ టేపు మీద నేను ఒక్క ముక్క కూడా మాట్లాడలేదు. చెరిగిన టేపు తిరిగి నిండదు, ఇది నా పని, నాకు తెలుసు. క్యాసెట్ మళ్ళీ నా కంట పడలేదు. జాబు ఇది:

"కాకా, శనార్థులు. క్యాసెట్ ముట్టింది. రెండు దిక్కుల ఇన్న. అవ్వ మాటలు నింపిందని తెచ్చినాయిన చెప్పిండు, గని అన్ని పాటలే ఉన్నయి, అవ్వ మాట ఒక్కటి లేదు. మూడో పాటల సప్పుడంత ఆగినకాడ ఒక మొగ గొంతు 'ఇగ రారా లచ్చా' అంటున్నది. బాపు గొంతు లెక్కనే ఉన్నది. నేను సంతకం వెట్టలే, వస్తున్న. జర నిజం చెప్పు కాకా, అన్నది నువ్వేనా?"