ఇస్త్రీ చెయ్యని చొక్కా

"పాపని నేనే కింద పడేస్తానేమోనని భయంగా ఉందక్కా."

చేతిలో బట్టల మూట, భుజాన పసిపిల్లతో మూడో అంతస్తు నుంచి దిగి, మెట్ల కింద ఇస్త్రీ చేసుకునే ఆవిడతో ఈ మాట అనేశాను. ఇంట్లో ఎవరితోనూ అనలేదు. నీళ్ళు పరీక్షించే ల్యాబులో పని నాది, ఏదైనా కొలిచి చూస్తే గానీ నమ్మను. మా బాల్కనీ గోడ ఎంత ఎత్తో కొలిచి చూశాను. పాప దాన్నెలాగూ దాటలేదు. నా భయం గోడ గురించి కాదు, నా చేతుల గురించి.

అక్క ఇస్త్రీపెట్టె నిలబెట్టింది. అయ్యో అనలేదు, ఏం కాదులే అనీ అనలేదు.

"పాపని ఇలా ఇచ్చి ఆ స్టూలు మీద కూర్చో. సర్కారు బీమా కార్డుందా?"

"ఉంది."

"అయితే ముందు మావాడి సంగతి విను. లేకపోతే నువ్వూ నాలాగే తిరుగుతావ్."

మావాడంటే ఆమె తమ్ముడు. బల్ల పక్కనే కూర్చుని బట్టలు మడతపెడుతూ ఉంటాడు, పలకరించినా తలెత్తడు. ఒకప్పుడు టైల్స్ మేస్త్రీ అనీ, మా వంటింట్లో నేల వేసింది అతనేననీ ఆ రోజే తెలిసింది.

తల్లి పోయేనాటికి అతను బడికెళ్ళే పిల్లాడట. తల్లి ఇస్త్రీ చేసిన ఈ బల్ల దగ్గరే నిలబడి అక్క అతన్ని పెంచింది. కట్టుకున్నవాడు "నేనో, నీ తమ్ముడో తేల్చుకో" అంటే, ఆయన చొక్కాలన్నీ మడత నలగకుండా సంచిలో సర్ది చేతికిచ్చింది. "దర్జాగా పోయాడు, ఒక్క ముడత లేకుండా" అని నవ్వింది.

తమ్ముడు మేస్త్రీగా పేరు తెచ్చుకుంటున్న రోజుల్లోనే అతనికి నేల కింద ఏడుపు వినిపించడం మొదలైంది. చెవి ఆనించి పడుకునేవాడు.

"కింద మట్టి తప్ప ఏముంటుందిరా?" అనేది అక్క.

"ఆ మట్టి మీద టైలు పరిచింది నేనే గదే. లోపల మనిషుండగానే మూసేశాను."

అద్దెగదిలో మంచం కింద టైల్స్ ఊడదీశాడు. ఆ కంతలోకి అన్నం ముద్దలు పడేసేవాడు. ఆపబోతే అక్కని కొట్టేవాడు. పనిలోకి పిలవడం మానేశారు.

కార్డు పట్టుకుని ఆమె ఊళ్ళో ఉన్న ఆసుపత్రులన్నీ తిరిగింది. ఒకచోట లోపలికే రానివ్వలేదు. ఇంకోచోట మనసు డాక్టరు పేరు తలుపు మీద ఉంది గానీ గదిలో మందుల అట్టపెట్టెలున్నాయి. బస్టాండు దగ్గర ఆసుపత్రిలో కౌంటరు కుర్రాడు కార్డు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"తీసుకుంటాం గానీ, పిచ్చికి తీసుకోమమ్మా."

"మరి దేనికి తీసుకుంటారు బాబూ?"

"కాలో చెయ్యో విరిగితే తీసుకుంటాం."

"విరగ్గొట్టుకు రమ్మంటావా?"

"అది మీ ఇష్టం."

చివరికి మందుల షాపాయన చెప్పాడు, టైర్ల కొట్టు పైనున్న చిన్న క్లినిక్కులో మనసు జబ్బుకీ ఆ కార్డు చెల్లుతుందని. ఆమెకి కాళ్ళు నేల మీద నిలవలేదు. తమ్ముడికి గడ్డం గీయించింది. తల దువ్వింది. వీధిలో ఎవరి పెళ్ళి బట్టలకీ పెట్టనంత శ్రద్ధ పెట్టి అతని తెల్లచొక్కా ఇస్త్రీ చేసింది. డాక్టరు ముందుకి మురికిగా తీసుకెళ్తే ఏమనుకుంటారు?

డాక్టరు పేరడిగితే చెప్పాడు. పక్కనున్నది ఎవరంటే మా అక్క అన్నాడు. పైపెచ్చు "మీ నేల వాటం బాగా కుదిరింది సార్" అని మెచ్చుకున్నాడు. డాక్టరు నవ్వాడు. ఇంట్లో ఎలా ఉంటాడమ్మా అని అడిగితే, తమ్ముడి ముందు ఆ కంత సంగతీ దెబ్బల సంగతీ చెప్పడానికి ఆమెకి నోరు రాలేదు.

"బంగారంలాంటి పిల్లాడండీ. కాస్త నిద్ర పట్టదు, అంతే."

కౌంటరావిడ కార్డు వెనక్కి తోసింది. "ఇక్కడ కార్డు మీద చూసేది బాగా ముదిరినవాళ్ళనమ్మా. ఈయన పెళ్ళికొడుకులా ఉన్నాడు. ముదిరాక తీసుకురా."

ముదరడానికి ఎన్నో రోజులు పట్టలేదు. అతను గునపం పట్టుకుని, తను నేల వేసిన ఒకరింటికెళ్ళి హాలు తవ్వడం మొదలుపెట్టాడు. ఆ ఇంటివాళ్ళు కొట్టారు, వీధివాళ్ళు తోడొచ్చి కొట్టారు. కుడి చెయ్యి విరిగింది. బస్టాండు ఆసుపత్రిలో అదే కుర్రాడు కార్డు తీసుకుని, "ఇప్పుడు సరిపోయిందమ్మా" అన్నాడు.

చెయ్యి వంకరగా అతుక్కుంది. తాపీ పట్టడానికి ఇక పనికిరాలేదు.

అప్పుడు అక్క రెండోసారి క్లినిక్కుకి బయల్దేరింది. ఈసారి గడ్డం గీయించలేదు. కూర మరకలున్న చొక్కా ఉతకలేదు. ఇస్త్రీపెట్టె వేడిగానే ఉంది, బల్ల ఖాళీగానే ఉంది.

"చొక్కా ఇస్త్రీ చెయ్యలేదేంటే?" అన్నాడు తమ్ముడు.

"పర్లేదు, రా."

"ఇలాగా? జనం చూస్తారే, సిగ్గుగా ఉందే."

బస్సులో పక్కవాళ్ళు ముక్కు మూసుకుని లేచిపోయారు. డాక్టరు ముందు అక్క ఏదీ దాచలేదు. కంత, అన్నం ముద్దలు, తన వీపు మీద వాతలు, అన్నీ అతని ఎదురుగానే చెప్పింది. అతను ఏడ్చాడు. "నీకొక్కదానికే చెప్పాను గదే, అందరికీ ఎందుకు చెప్తున్నావ్?" అన్నాడు.

కౌంటరావిడ ఈసారి మాట్లాడకుండా కార్డు తీసుకుంది. మంచం ఇచ్చారు.

మందులు పనిచేశాయి. ఇప్పుడు నేల కింద ఎవరూ ఏడవడం లేదట. అక్క ఇస్త్రీ చేసిన చొక్కా మాత్రం అతను ఉన్నదున్నట్టు తొడుక్కోడు. ఇస్తే ఉండచుట్టి, ఆమె చూస్తుండగా కాలితో తొక్కి, ఆ తర్వాత వేసుకుంటాడు. నేను కూర్చున్నంతసేపూ వీధివాళ్ళ బట్టలు అంచుకి అంచు కలిపి మడతపెడుతూనే ఉన్నాడు. ఒంటి మీది చొక్కా నమిలి ఊసినట్టుంది.

"అలా చేస్తుంటే బాధగా లేదా అక్కా?" అన్నాను.

"ఉండదా మరి? బతికున్నాడుగా, తొక్కనీ." పాపని నా ఒళ్ళో పెట్టింది. "ఆ టైర్ల కొట్టు పైకి రేపే వెళ్ళు. తల దువ్వుకోకు. ఆ పాల మరకల జాకెట్టు మార్చకు. ఎలా ఉన్నావమ్మా అంటే బాగున్నానండీ అని నోట్లోంచి వచ్చేస్తుంది, పళ్ళ మధ్య నొక్కిపెట్టు. నాతో అన్న మాట అన్నట్టే అను. మీ ఆయన పక్కనున్నా సరే అను."

మర్నాడు మా ఆయన గుమ్మం దగ్గర దువ్వెన తెచ్చిచ్చాడు. తీసుకోలేదు. డాక్టరు ముందు నా చేతుల సంగతి చెబుతుంటే మా ఆయన పాపని నా ఒళ్ళోంచి లాక్కున్నాడు. ఇంకా పూర్తిగా నా చేతికి ఇవ్వడం లేదు. ఇప్పటికి చాలాసార్లు వెళ్ళొచ్చాను, ప్రతిసారీ తల దువ్వుకోకుండా, అదే పాల మరకల జాకెట్టుతో.

"కాస్త మొహమైనా కడుక్కుని రావచ్చుగా" అంటుంది కౌంటరావిడ, నా కార్డు తీసుకుంటూ.